ఫోన్లో నిండిన ట్యాంకు

ఆ మిషను కావాలని అడిగింది నేనే. ఈ మాట నేనే ముందు చెప్పుకోవడం మంచిది. లేకపోతే సూర్యాపేటలో ఉన్న మా బావ చెప్తాడు. ఆయన చెప్తే ఇంకొంచెం కలిపి చెప్తాడు.

మిర్యాలగూడలో మా బావకు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టి, ఆ తర్వాత మర పట్టే మిల్లు. దానికి నేను మేనేజర్ని. అక్క పెళ్లప్పుడు మా ఇంట్లోవాళ్లు ఆమె వెంట ఒక ఇనుప బీరువాను పంపారు. కొన్నాళ్లకు నన్ను పంపారు. బీరువా తలుపు ఎప్పుడో ఊడిపోయింది. నేను మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాను, మోకాళ్ల సంగతి పక్కన పెడితే.

కథంతా ఆ మోకాళ్ల దగ్గరే మొదలైంది. బాయిలర్ షెడ్డు వెనక నాలుగు స్తంభాల మీద ఒక సిమెంటు ట్యాంకు ఉంది. బావ వాళ్ల నాయన కట్టించింది. పైకప్పు లేదు. బాయిలరుకూ, వడ్లు నానబెట్టే తొట్లకూ నీళ్లు అందులోంచే రావాలి. అందులో నీళ్లు ఎంతున్నాయో తెలియాలంటే ఇనుప నిచ్చెన ఎక్కాలి, వెదురు కర్ర ముంచాలి, కర్ర ఎంతవరకు తడిసిందో చూడాలి, దిగాలి, బోరు మోటరు వేయాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఇంత పనికి మేనేజరే ఎందుకు ఎక్కాలని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మిగతావాళ్లు ఎక్కితే కర్రను లోపల జారవిడిచి వచ్చేవాళ్లు. రెండో కర్రతో మొదటి కర్రను తీయడం ఎలాగో మా మిల్లులో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మిల్లు మొత్తం ఆ తీరే. బాయిలరు మీద ఆవిరి ఎంతుందో చూపించే ముల్లు మొరాయిస్తే వేలితో కొట్టాలి. గట్టిగా కొడితే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి మర్యాదగా కొట్టాలి. డ్రయ్యరు స్టార్టరులో అగ్గిపెట్టె అట్ట మడిచి పెడితేనే మోటరు నిలబడుతుంది. అట్ట కూడా ఏదో ఒకటి పనికిరాదు, పాతదై ఉండాలి. ప్రతి మిషనుకూ ఒక అలవాటుండేది, ఆ అలవాటుకు అలవాటుపడ్డ మనిషి ఒకడుండేవాడు.

ఒకసారి కోదాడలో ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన ఒక ఇంజనీరు కూర్చున్నాడు. వయసులో చిన్నవాడు, మర్యాదలో పెద్దవాడు. పాత ఫ్యాక్టరీలకు, నీళ్ల పంపులకు ఏవో పెట్టెలు బిగించి అవన్నీ ఫోనులో కనపడేలా చేస్తాడట. నేను నమ్మలేదని ఎడమచేత్తో ఫోను తీశాడు. కుడిచేత్తో పెరుగన్నం కలుపుకుంటూనే ఎక్కడో ఉన్న ఐసు ఫ్యాక్టరీ మోటరు ఆపాడు.

"ఇప్పుడు ఆగిందండి," అన్నాడు. ఇంకో ముద్ద తిన్నాక, "ఇప్పుడు మళ్లీ నడుస్తుందండి," అన్నాడు.

ఆ మోటరు పక్కన ఉన్నవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలీదు. నేను మాత్రం నా మోకాళ్లను తలుచుకున్నాను. అప్పడం సగంలో వదిలేసి అతని నంబరు తీసుకున్నాను.

బావను ఒప్పించడానికి నేను వాడిన మాటే నా కొంప ముంచింది. "నిచ్చెన ఎక్కలేకపోతున్న బావా" అని నిజం చెప్పి ఉంటే, మోకాళ్లకు నూనె రాయమని ఒక సీసా కొనిచ్చి ఊరుకునేవాడు. నేను తెలివి ఉపయోగించాను.

"బావా, ఇంట్ల కూసోనే మిల్లు మొత్తం సూడొచ్చు," అన్నాను.

"ఇంట్ల కూసోనా?" అని అడిగాడు ఆయన. ఆ ప్రశ్నలో నేను లేనని నాకు ఆ రోజు తట్టలేదు.

కోదాడ ఇంజనీరు వచ్చి మిల్లు నిండా వైర్లు లాగాడు. బాయిలరు ముల్లు పక్కన ఒక పెట్టె, మోటర్ల మీద తలా ఒకటి. ట్యాంకు మీద అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేసి, దాని మధ్యలో బోర్లించిన గ్లాసులాంటి సెన్సారు బిగించాడు. సెన్సారు అన్న మాట వినగానే మా బాయిలరు చూసే ఆయన, "గిండ్ల ఏం కట్ చేస్తరు సార్?" అని అడిగాడు.

"కటింగేం లేదండి," అన్నాడు ఇంజనీరు. "గబ్బిలంలాగా అండి. పై నుంచి కిందికి ఒక శబ్దం పంపుతుంది. మనకు వినపడదు. అది నీళ్లకు తగిలి వెనక్కి వస్తుంది. తొందరగా వస్తే నీళ్లు దగ్గరున్నట్టు, అంటే ట్యాంకు నిండినట్టు. ఆలస్యమైతే అడుగుకు పోయినట్టు. తగ్గితే మోటరు అదే వేస్తుంది, నిండితే అదే ఆపేస్తుందండి."

మోటరుకు చేతి స్విచ్చి కూడా ఒకటి ఉంచాడు. బావ ఆ పెట్టెకు తాళం వేయించి తాళంచెవి సూర్యాపేట తీసుకుపోయాడు. "మిషన్ జేసే పనిల మనుషులు సెయ్యి పెట్టొద్దు," అన్నాడు. మనుషులు అన్నప్పుడు నా వైపే చూశాడు.

మరునాటి నుంచి నిచ్చెన గోడకు ఆనుకుని విశ్రాంతి తీసుకుంది. నేనూ కుర్చీకి ఆనుకుని అదే పని చేద్దామనుకున్నాను. ఫోను మోగింది.

"బామ్మర్ది, ట్యాంకుల నీళ్లెందుకు తగ్గినయి?"

"వాడినం బావా."

"ఎందుకు వాడిన్రు?"

"వడ్లు నానవెట్టినం."

"మరి తగ్గక ముందే చెప్పాలె గద!"

ఇట్లా మొదలైంది. ఆయన పొద్దున్నే సూర్యాపేటలో ఇంటి అరుగు మీద కూర్చుని, ఫోను కళ్లజోడుకు ఆనించి, మిల్లును చూసేవాడు. బాయిలరు వేడెక్కితే ఎందుకెక్కింది, చల్లారితే ఎందుకు చల్లారింది. హమాలీలు చాయ్ తాగడానికి పోతే మోటర్ల గీతలు కిందికి దిగేవి. చాయ్ ఇంకా గొంతులో దిగకముందే ఫోను వచ్చేది. నేను అన్నానికి కూర్చునే సమయం ఆయనకు ఏ గీతలో కనిపించేదో ఇప్పటికీ అర్థం కాలేదు కానీ, మొదటి ముద్దకు తప్పకుండా మోగేది. "పచ్చగ ఉండాల్సింది ఎర్రగెందుకైంది?" అని అడిగేవాడు. పచ్చి మిరపకాయకూ అదే గతి పడుతుందని చెప్దామనుకుని, ఆయన బావ అన్న సంగతి గుర్తుకొచ్చి ఊరుకునేవాణ్ణి.

ఫోన్లు భరించవచ్చు. కొన్నాళ్లకు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది, అదే భరించలేకపోయాను. వానాకాలం వడ్లు రావడం మొదలయ్యే ముందు మిల్లుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నా కుర్చీలో ఆయన, హమాలీల స్టూలు మీద నేను.

"మునగాల దాటినంక కోదాడ రోడ్డుకు మనోళ్లు లారీల కాంటా పెడుతున్నరు. నేను గూడ కలుస్తున్న. గాడ నమ్మకమైన మనిషి కావాలె."

"మంచి మనిషిని సూద్దాం బావా."

"సూసిన. నువ్వే."

"మరి మిల్లు?"

"మిల్లు నేను సూస్తలేనా?" అని ఫోను చూపించాడు. "నువ్వు చెప్పిందే గద, ఇంట్ల కూసోని సూడొచ్చని. ఇగ గీడ నువ్వేం జేస్తవ్? ఈ దసరా పోనీ, మిల్లు సాఫుగ నడుస్తున్నదంటే దీపావళికి నువ్వు కాంటా మీద కూసో."

మునగాల మీద నాకు ఏ కోపమూ లేదు. హైవే మీద ఉన్న ఊరు, దాబాలుంటాయి, లారీలుంటాయి. కానీ మిల్లులో చేరిన దగ్గర్నుంచి నేను పొద్దున లేచి పోయే చోటు ఒకటే ఉంది. ఊక పొగ వాసన రాకపోతే నాకు తెల్లవారినట్టు అనిపించదు. నిడమనూరు వైపు నుంచి వడ్ల ట్రాక్టర్లతో వచ్చే రైతులు మా బావను పేరుతోనే ఎరుగుదురు, నన్ను ముఖంతో ఎరుగుదురు. అదంతా వదిలి రేకుల గదిలో కూర్చుని ఎవరెవరి బరువెంతో రాసుకోవాలి. నా బరువెంతో అప్పటికే తేలిపోయింది, కాంటా ఎక్కక్కరలేకుండానే.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను.

"ఆ మిషన్ ఎవలు తెప్పిచ్చిన్రు?" అంది.

"నేనే."

"అట్లనా," అని వంటింట్లోకి పోయింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది.

దసరా వచ్చింది. పండుగ రోజు మా మిల్లులో ఏ మిషనూ తిరగదు. అన్నిటినీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, కొబ్బరికాయ కొడతాం. బాయిలరుకు పెద్ద దండ, మోటర్లకు చిన్న దండలు, తూకం మిషనుకు బొట్టు మాత్రమే. దండ వేస్తే ఆ బరువు కూడా చూపిస్తుంది. వీటన్నిటినీ ఆపేసరికి ఫోను ఎర్రబడింది. మోటర్లు ఆగాయి, బాయిలరు చల్లారింది అని అది గోల మొదలుపెట్టింది. పండుగ అని దానికి ఎవరూ చెప్పలేదు. బావ సూర్యాపేట నుంచి ఫోను చేశాడు. జమ్మి ఆకు చేతిలో ఉన్నట్టుంది, గొంతులో కొంచెం భక్తి వినిపించింది.

"అన్నిటికి పూజ చేసినవా?"

"చేసిన బావా."

"ట్యాంకు మీద మిషన్‌కు?"

"అది పైనున్నది గద..."

"పైనుంటే? కొత్త మిషన్. ఊరంత వచ్చి సూసిపోతున్నరు. ముందు దానికే తగుల్తది దిష్టి. ఓ నిమ్మకాయ, నాల్గు మిరపకాయలు కట్టు. ఎవలితోనో కట్టియ్యకు, నువ్వే ఎక్కు."

అందులో నాకూ తప్పేం కనిపించలేదు. లారీకి కడతాం, దుకాణానికి కడతాం, కొత్త మోటరు సైకిలుకు కడతాం. అంత డబ్బు పోసి కొన్నదాన్ని వట్టిగా వదిలేయడం నాకే చిన్నతనమనిపించింది. మోకాళ్లకు నచ్చజెప్పుకుని నిచ్చెన ఎక్కాను. సెన్సారుకు బొట్టు పెట్టాను. నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దారాన్ని ఎక్కడ కట్టాలా అని చూశాను. పట్టీకి కడితే గాలికి ఊగి వైర్లకు చుట్టుకుంటుంది. అందుకని సెన్సారుకే కట్టి, సరిగ్గా దాని కిందికి, నడిమధ్యన వేలాడదీశాను. ట్యాంకు అప్పుడు నిండుగానే ఉంది. నీళ్ల మీద నిమ్మకాయ నీడ పడింది. చూడ్డానికి చాలా బాగుంది. దృష్టి కోసం పెట్టినదానికి దిష్టి కట్టానని నాలో నేను ఒక మాట అనుకుని, నవ్వుకుని కూడా దిగాను. పక్కన ఎవరూ లేరు.

సాయంత్రం వీధిలో దుర్గమ్మ మండపం వాళ్లు వచ్చి, లైట్లు విప్పుకుంటాం నిచ్చెన ఇమ్మన్నారు. ఇక దానితో మనకు పనేముందని ఇచ్చేశాను.

మరునాడు బాయిలరు వెలిగించాం. తొట్లలో వడ్లు నాని ఉన్నాయి, వాటికి ఆవిరి పట్టాలి. ఆలస్యమైతే వాసన పట్టేస్తాయి. ఎండ ఎక్కే వేళకు నల్లా ఒకసారి దగ్గింది. తర్వాత మాట్లాడలేదు.

బాయిలరు చూసే ఆయన వచ్చి, "సార్, నీళ్లు బందైనయ్," అన్నాడు.

ఫోను చూశాను. ట్యాంకు బొమ్మ అంచుదాకా నీలంగా ఉంది. బయటికి వచ్చి నల్లా తిప్పాను. గాలి వచ్చింది. మళ్లీ ఫోను చూశాను. నీలం. ఈలోపే బావ ఫోను.

"బాయిలర్ గీత పడుతుందేంది?"

"ట్యాంకుల నీళ్లు లేవు బావా."

"ఎందుకు లేవు? నిండ ఉన్నయి. నేను సూస్తనే ఉన్న."

"నేను నల్లా కాడనే ఉన్న బావా. సుక్క వస్తలేదు."

"నువ్వు నల్లా కాడున్నవ్. నేను ట్యాంకు కాడున్న," అన్నాడు బావ, సూర్యాపేటలో అరుగు మీద కూర్చుని.

బాయిలరు చూసే ఆయన మాత్రం విషయాన్ని నాకంటే తొందరగా ఒప్పుకున్నాడు. "సార్, పెద్దసార్ ఫోన్ల నీళ్లున్నయంటుండు గదా. గవే జర గిటు పంపియ్యమనుండ్రి," అని చెప్పి, పొయ్యిలో మంట లాగేయడానికి పోయాడు.

ట్యాంకులో నీళ్లున్నాయి, నల్లాలో లేవు. అంటే మధ్యలో పైపు జామైందని బావ తేల్చాడు. "వడ్లు పడ్డయో, పావురాలు గూడు పెట్టినయో. పైపు కొయ్యిరి," అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. చదువుకున్న ఫోనుకూ చదువు లేని నల్లాకూ మధ్య తగాదా వస్తే ఎవరైనా ఫోను పక్షమే ఉంటారు. మనిషిని పిలిపించి ట్యాంకు కింద పైపు కోయించాం. లోపల తుప్పు తప్ప ఏమీ లేదు. ఇంకాస్త కింద కోయించాం. అక్కడా తుప్పే. వాల్వు విప్పాం. దాని లోపల కూడా మా మిల్లు వయసు కనిపించింది, నీళ్లు మాత్రం కనిపించలేదు.

కోదాడ ఇంజనీరుకు ఫోను చేశాను.

"నా దగ్గర కూడా ఫుల్లే చూపిస్తుందండి," అన్నాడు. "సెన్సారు ఆరోగ్యం చాలా బాగుందండి."

ఆ పూట మా మిల్లులో ఆరోగ్యం బాగున్నది అదొక్కదానికే.

"ఒకసారి ఎవరైనా పైకెక్కి చూస్తే బాగుంటుందేమోనండి."

"ఎక్కే పని లేకుండ చేస్తమని గద సార్ మీరు పెట్టింది?"

"అది నిజమేననుకోండి," అని ఒప్పుకుని, "అయినా ఒకసారి ఎక్కండి," అన్నాడు.

మండపం దగ్గరికి మనిషిని పంపాను. మండపం లేదు, నిచ్చెనా లేదు. నిమజ్జనానికి పోయే లారీలోకి అమ్మవారిని ఎక్కించడానికి దాన్ని వాడి, అలాగే లారీలో వేసుకుని పోయారట. మా నిచ్చెన అమ్మవారి వెంట సాగర్ కాలువ దాకా పోయింది. తొట్లలో వడ్లు మెల్లగా వాసన మొదలుపెట్టాయి. చేతి స్విచ్చితో మోటరు వేద్దామంటే తాళంచెవి సూర్యాపేటలో ఉంది.

తాళంచెవి బయల్దేరింది, వెంట బావ కూడా. కారు దిగేసరికి ఆయన పండుగకు కుట్టించుకున్న తెల్ల చొక్కా, తెల్ల లుంగీలోనే ఉన్నాడు. ముఖం మాత్రం తెల్లగా లేదు. కోసిన పైపును చూశాడు, విప్పిన వాల్వును చూశాడు, నన్ను చూశాడు.

"బామ్మర్ది, నిజం చెప్పు. మునగాల పోవుడు ఇష్టం లేక ఏమన్న చేసినవా?"

"నేనేం చేస్త బావా? పైకెక్కుదామంటే నిచ్చెన గూడ లేదు."

"నిచ్చెన లేకుంట చేసినవంటే ఇంక గొప్పోనివి. గిది ఖరాబయితే నువ్వు గీడనే ఉంటవ్, గదే గద నీ లెక్క?"

హమాలీలు బస్తాల మీద కూర్చుని వింటున్నారు. వాళ్లకు ఆ రోజు పనేమీ లేదు, అందుకని బాగా విన్నారు. నేను ఏమన్నా అనుమానం పెరిగేదే తప్ప తరిగేది కాదు. మిషను చెడిపోతే లాభపడేది నేనొక్కణ్ణే అన్నది నిజం. నేను చెడగొట్టలేదన్నది కూడా నిజమనే అప్పటికింకా నమ్ముతున్నాను.

నిచ్చెన తిరిగి వచ్చింది. మెట్ల నిండా కుంకుమ, ఒక మెట్టుకు ఎవరో పూలదండ కూడా చుట్టారు. "ఎక్కు," అన్నాడు బావ. తాను ఫోను పట్టుకుని, కోసిన పైపు ముందు, సాక్ష్యం పోకుండా కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు.

ఎక్కాను. లోపలికి తొంగి చూశాను. అడుగున కొంచెం బురద, పడిపోయిన పాత వెదురు కర్రలు అన్నీ వరసగా కనిపించాయి. వాటి మీదుగా, సెన్సారు కింద, గాలికి కొంచెం కూడా కదలకుండా నా నిమ్మకాయ వేలాడుతోంది. నేను చాలా పద్ధతిగా కట్టాను. సెన్సారు పంపిన శబ్దం ఆ నిమ్మకాయకు తగిలి అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతోంది. పాపం, అది నిమ్మకాయనే నీళ్లనుకుని ట్యాంకు నిండిందని చెప్తోంది.

అంత ఎత్తు నుంచి నాకు మునగాల చాలా దగ్గరగా కనిపించింది. ఉన్న సంగతి అరిచి చెప్పాలా, చెప్తే ఎవరు నమ్ముతారు అని ఆలోచించాను. ఆలోచన తెమలకముందే చెయ్యి తన పని తాను చేసింది. నిమ్మకాయను దారంతో సహా పుటుక్కున తెంపి చొక్కా జేబులో వేసుకున్నాను.

కింద బావ ఫోను ఒక్కసారిగా అరిచింది.

"అరె! నీళ్లు మాయమైనయ్!" అన్నాడు బావ. "ఇప్పటిదాక నిండ ఉండె! ఏం జేసినవ్‌రా?"

ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమైన ప్రశ్న. ట్యాంకు నిండా ఉన్న నీళ్లను నేను ఒక్క చేత్తో, అదీ ఒక్క రెప్పపాటులో ఖతం చేశాను. నేను జవాబు చెప్పేదాకా మిషను ఆగలేదు. నీళ్లు అడుగుకు పోయాయని తెలియగానే, దానికి చెప్పిన పని అది చేసింది. మోటరు వేసింది. పై పైపులోంచి నీళ్లు నా పక్కనే ధారగా ట్యాంకులో పడ్డాయి. ట్యాంకులోంచి కింది పైపులోకి పోయాయి. కింది పైపును మేం కోసి ఉంచామన్నది సెన్సారుకు తెలియదు. బావకు తెలుసు, కానీ ఆయన ఆ సమయంలో ఫోను చూస్తున్నాడు.

హమాలీల్లో ఒకాయన ముందుగా అన్నాడు: "పెద్దసార్, జామ్ పోయింది!"

నేను దిగేసరికి బావ ముఖం తుడుచుకుంటున్నాడు. తెల్ల చొక్కా మీద తుప్పు నీళ్లు నిలువునా చారలు గీశాయి. ఆయన చూపు నా ముఖం మీద నుంచి జేబు మీదికి దిగింది. మిరపకాయ తొడిమలు బయటికి కనిపిస్తున్నాయి.

"అదేంది?"

"నిమ్మకాయ."

"గాడెందుకున్నది?"

"నువ్వే కట్టుమన్నవ్ గద బావా, దిష్టికి."

"మిషన్‌కు కట్టుమన్న. మిషన్ మూతికి కట్టుమన్ననా?"

"దానికి మూతి ఒక్కటే ఉన్నది బావా."

హమాలీలు బస్తాల అవతలికి ముఖాలు తిప్పుకున్నారు. బస్తాలు కదిలాయి. బావ ఇంకేదో అనబోయి, పండుగ నాడు ఎక్కు ఎక్కు అని పట్టుబట్టి ఎక్కించింది ఎవరో గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయాడు. ఇంజనీరుకు ఫోను కలిపి సంగతి చెప్పాను. అతను ఫోను దూరంగా పెట్టి నవ్వడం నాకు వినిపించింది.

"సెన్సారు తప్పేం లేదండి," అన్నాడు చివరికి. "ఎదురుగా ఏదుంటే అదే చెబుతుందండి. నిమ్మకాయ నిండుగానే ఉంది కదండి."

పైపు అతికించి, బాయిలరు మళ్లీ వెలిగించి, వడ్లకు ఆవిరి పెట్టేసరికి సాయంత్రమైంది. కొన్ని తొట్ల వడ్లు కొంచెం రంగు మారాయి. బావ మా ఇంట్లో నా లుంగీ కట్టుకుని, నా చొక్కా వేసుకుని, అన్నం తిని, సూర్యాపేటకు బయల్దేరాడు. కారు ఎక్కబోతూ చేతి స్విచ్చి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"నిచ్చెన ఇంకెవ్వలకు ఇయ్యకు," అన్నాడు.

మునగాల మాట ఎత్తలేదు. నిచ్చెన ఎవరికీ ఇవ్వకుండా చూడాలంటే దాని పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేనేనని నేను అర్థం చేసుకున్నాను. నాకు ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఇంత స్పష్టమైన ఉత్తర్వు దొరకలేదు. దీపావళికి కాంటా మీద వేరే ఎవరో కూర్చున్నారు.

ఇంజనీరు వచ్చి ట్యాంకుకు వేరే రకం సెన్సారు పెట్టాడు. ఇది ట్యాంకు అడుగున నీళ్లలో మునిగి ఉంటుంది, పైనున్న నీళ్ల బరువును బట్టి లోతు చెప్తుంది. దానికి నిమ్మకాయ కట్టాలన్నా కట్టలేం. పాతది ఊడదీసి నా బల్ల మీద పెట్టాడు. దాని మీద నేను పెట్టిన బొట్టు ఇంకా చెరగలేదు.

బావ ఫోన్లు మాత్రం తగ్గలేదు. కొత్త సెన్సారు ఇంకా ఖచ్చితంగా చెప్తుంది కాబట్టి ఆయన ఇంకా ఖచ్చితంగా అడిగేవాడు. మొదటి ముద్దకు మోగడం మొదటి ముద్దకే మోగేది. "తగ్గక ముందే చెప్పాలె గద," అనడం కూడా మానలేదు.

ఒకరోజు అక్కే ఫోను చేసింది.

"మీ బావకు నువ్వన్న జర చెప్పు తమ్మి. మధ్యాహ్నం తిని, నీళ్ల మోటరేసి పండుకుంటడు. ట్యాంకు నిండి, పొర్లి, పక్కింటోళ్ల అప్పడాల మీద పడుతున్నయి. రోజు నేను మాట వడాల్సొస్తుంది. లేపితే 'మిల్లు సూసి సూసి కండ్లు గుంజుతున్నయి' అంటడు."

నేను బల్ల మీద ఉన్న సెన్సారును చూశాను. అది కూడా ఖాళీగానే ఉంది.

"అక్కా, ఒకటి పంపిస్త," అన్నాను.

ఇంజనీరుతో సూర్యాపేటకు పంపాను. బావ చాలా సంతోషించాడట. మిల్లుకున్నది ఇంటికి కూడా వచ్చిందని ఎదురింటాయనను పిలిచి చూపించాడట. ట్యాంకు మూతకు బిగించి, మోటరుకు మాత్రం కలపకుండా, నిండుతున్నట్టు కబురు ఏ ఫోనుకు పోవాలని ఇంజనీరు అడిగితే, అక్క అక్కడే నిలబడి చెప్పింది: "మా తమ్ముని నెంబర్ ఏస్కో నాయనా. ఈయన ఫోన్‌కు మిల్లు సూసుడే సరిపోతుంది, మల్ల దానికి ఇల్లెక్కడ సూపెడ్తవ్?"

నిన్న మధ్యాహ్నం నేను భోజనం ముగించి, మిల్లులో నా కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఫోను చిన్నగా ఈల వేసింది. సూర్యాపేటలో నీలం గీత పైకి పాకుతోంది. ఇంకా అంచుకు రాలేదు. ఫోను కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. గొంతు నిండా నిద్ర.

"ఏందిరా?"

"బావా, మీ ట్యాంకు నిండుతున్నది."

"నిండినంక చెప్పు."

"నిండక ముందే చెప్పాలె గద బావా."

అవతల మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు దూరంగా పోయింది. కాసేపటికి నీలం గీత పాకడం ఆగింది. మోటరు బందైందన్నమాట. నేను కుర్చీలోంచి లేవకుండానే చూశాను.